కృష్ణ ఒడ్డు నుంచి లండన్ దాకా: మన యాత్రకు ఒక ప్లాను



వార్షికోత్సవ సంచికకు పదిమందికీ ఉపయోగపడే వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు మమ్మల్ని కోరారు. మేము బాగా ఆలోచించి, లండన్ నగరం చూసి రావడానికి ఎలా ప్లాను వేసుకోవాలి అనే విషయం తీసుకున్నాం. "లండనా? మనకా?" అని నవ్వుకోవద్దు. కాలేజీలో కొందరు మిత్రులు సెలవులకు విదేశాలు వెళ్ళి వస్తారు. వాళ్ళ ఇళ్ళల్లో పాస్‌పోర్టు అంటే ఏమిటో, వీసా అంటే ఏమిటో చెప్పేవాళ్ళు ఉంటారు. మన ఇళ్ళల్లో ఉండరు. డబ్బు లేకపోవడం ఒక ఇబ్బంది అయితే, అడగడానికి మనిషి లేకపోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది. మేమింకా లండన్ వెళ్ళలేదు. వెళ్ళడానికి ఏడాదిగా వివరాలు పోగు చేస్తున్నాం. ఆ వివరాలే ఇక్కడ పంచుకుంటున్నాం.

ఎందుకు లండన్?

యూరప్‌లో పారిస్, రోమ్, ఏథెన్స్ వంటి చారిత్రక రాజధానులు చాలా ఉన్నాయి. అయినా కృష్ణా తీరం వాళ్ళం ముందుగా చూడవలసింది లండన్ అని మా అభిప్రాయం. దానికి రెండు పెద్ద కారణాలు ఉన్నాయి. ఒకటి, మన అమరావతి స్తూపం శిల్పాలు అక్కడ ఉన్నాయి. రెండు, మన బాబాసాహెబ్ అంబేద్కర్ గారు అక్కడ చదువుకున్నారు.

మన రాళ్ళు అక్కడికి ఎలా వెళ్ళాయి?

అమరావతి మహాస్తూపం క్రీస్తుకు పూర్వం మొదలై, శాతవాహనుల కాలంలో పెరిగి పెద్దదై, దక్షిణ దేశంలోనే గొప్ప బౌద్ధ క్షేత్రంగా వెలిగింది. తర్వాత శతాబ్దాల పాటు మరుగున పడి మట్టిదిబ్బగా మిగిలింది. 1790లలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించేటప్పుడు ఆ దిబ్బలోని ఇటుకలు, రాళ్ళు తవ్వి వాడారు. చెక్కిన పలకలు కొన్ని సున్నం బట్టీలకు కూడా పోయాయి. ఆ రోజుల్లోనే కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశారు. 1816లో మళ్ళీ వచ్చి, తన సిబ్బందితో శిల్పాలకు బొమ్మలు గీయించారు. ఆ బొమ్మల సంపుటి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. చాలా శిల్పాలు తర్వాత పాడైపోయాయి కాబట్టి, అవి ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఆ బొమ్మలే ఆధారం.

కొన్ని పలకలను రాబర్ట్‌సన్ అనే అధికారి మచిలీపట్నం తెప్పించి బజారు కూడలిలో నిలబెట్టారు. ఈనాటి రాబర్ట్‌సన్‌పేట ఆయన పేరుతో ఉన్నదే. 1845లో వాల్టర్ ఇలియట్ మరికొన్ని తవ్వించి మద్రాసు పంపారు. అక్కడ ఏళ్ళ తరబడి ఎండకు, వానకు పడి ఉన్న తర్వాత 1859లో వాటిలో చాలావాటిని ఓడ ఎక్కించి లండన్ చేర్చారు. అక్కడ కూడా వెంటనే గౌరవం దక్కలేదు. గోదాముల్లో, బండ్లశాలలో పడి ఉండగా 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడి కంటపడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. 'అమరావతి మార్బుల్స్' అని పిలుస్తారు గానీ నిజానికి అవి పాలరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి.

ప్రస్తుతం అవి మ్యూజియంలో 33ఏ నంబరు గదిలో ఉన్నాయి. ఆ గదిని 1992లో ప్రారంభించారు. ఉన్నవి సుమారు 120 శిల్పాలు. అక్కడ తప్పక చూడవలసిన పలక ఒకటి ఉంది. దానికి రెండు వైపులా చెక్కడం ఉంటుంది. వెనుక వైపు చెక్కడం పాతది. అందులో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరించే జనం ఉంటారు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు స్తూపాన్నే పూర్తిగా చెక్కారు. సింహాలు, అయిదు ఆయక స్తంభాలు, చుట్టూ ప్రాకారం అన్నీ అందులో కనిపిస్తాయి. స్తూపం ఇప్పుడు లేదు. అది ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఆ పలకనే చూడాలి.

ఇక్కడ మరో విషయం చెప్పాలి. ఈ స్తూపాన్ని రాజులు మాత్రమే కట్టలేదు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు తలా ఒక రాయి ఇచ్చినట్టు శాసనాలు చెబుతున్నాయి. అమరావతిలో దొరికిన ఒక శాసనంలో విధికుడు అనే చర్మకారుడి పేరు ఉంది. నాగుడు అనే ఉపాధ్యాయుడి కొడుకునని చెప్పుకుంటూ, తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఆయన దానం చేశాడు. చర్మం పని చేసే మనిషి, ఉపాధ్యాయుడి కొడుకు, తన పేరు రాతి మీద రాయించుకున్న దాత. మన పాఠ్యపుస్తకాల్లో ఈయన గురించి మేము ఎక్కడా చదవలేదు. 'ఇది మనది' అని చెప్పుకోవడానికి మనకు ఇంతకంటే ఏం కావాలి?

వాటిని వెనక్కి తేవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. బ్రిటిష్ మ్యూజియం చట్టం 1963 ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, మ్యూజియం ట్రస్టీలు తమ వస్తువులను వదులుకోవడానికి వీలు లేదు. కాబట్టి అది బ్రిటన్ పార్లమెంటు తేల్చవలసిన విషయం. అడగడం మన హక్కు. అయితే అడిగేవాళ్ళకు ఆ రాళ్ళ కథ తెలిసి ఉండాలి.

అంబేద్కర్ అడుగుజాడలు

బాబాసాహెబ్ 1916లో అమెరికా నుంచి లండన్ వచ్చి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టరు చదువుకు గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పు గడువు అయిపోవడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. కొల్హాపూర్ షాహూ మహారాజు, మిత్రుడు నవల్ భతేనా సాయం చేశారు. 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. చాలీచాలని తిండితో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో కూర్చుని చదివారు. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ పట్టాలు అందుకున్నారు. రూపాయి సమస్య మీద ఆయన సిద్ధాంత వ్యాసం 1923లో పుస్తకంగా వచ్చింది. స్కాలర్‌షిప్పు ఆగిపోతే చదువు ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన ఆగిన చోటికే తిరిగి వెళ్ళి చదువు పూర్తి చేశారు.

1921-22లో ఆయన అద్దెకు ఉన్న ఇల్లు 10, కింగ్ హెన్రీస్ రోడ్. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం దాన్ని కొన్నది. అదే ఏడాది నవంబరు 14న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఇళ్ళ మధ్య మ్యూజియం ఏమిటని అభ్యంతరాలు రాగా స్థానిక కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. చివరకు 2020 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1930 నుంచి 1932 వరకు జరిగిన మూడు రౌండ్ టేబుల్ సమావేశాలకూ బాబాసాహెబ్ వెళ్ళారు. అంటరానివారికి రాజకీయ హక్కులు కావాలని అక్కడే గట్టిగా అడిగారు.

మొదటి మెట్టు: పాస్‌పోర్టు

ప్రయాణం ఎప్పుడైనా సరే, పాస్‌పోర్టు మాత్రం ఇప్పుడే తీసుకోండి. 18 ఏళ్ళు దాటినవారికి 36 పేజీల పాస్‌పోర్టు ఫీజు 1500 రూపాయలు. పదేళ్ళు చెల్లుతుంది. తత్కాల్ అయితే మరో 2000 రూపాయలు కట్టాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో మనమే నింపుకోవచ్చు. మాలో ఒకరిని ఒక ఏజెంటు అయిదు వేలు అడిగాడు. ఆ పని నెట్ సెంటర్‌లో ఒక గంటలో అయిపోయింది. విజయవాడలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది.

మన పిల్లలకు ఎదురయ్యే చిక్కులు ఇవి:

1. పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. లేదా అక్షరాల్లో తేడా ఉంటుంది. ముందు ఆధార్‌ను టెన్త్ మెమో ప్రకారం సరిచేయించుకోండి.

2. పుట్టిన తేదీ. 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవారికి జనన ధ్రువపత్రమే కావాలన్న నియమం లేదు. టెన్త్ సర్టిఫికెట్ చెల్లుతుంది.

3. చిరునామా. హాస్టల్ చిరునామా ఇచ్చి ఊరెళ్ళిపోతే పోలీసు విచారణ దగ్గర ఆగిపోతుంది. విచారణ జరిగే రోజుల్లో మీరు ఎక్కడ ఉంటారో ఆలోచించుకుని చిరునామా ఇవ్వండి.

టెన్త్ పాసైన వారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ తనిఖీ ముద్ర ఉండదు. గల్ఫ్‌కు వెళ్ళే మన ఊరి అక్కలకు, అన్నలకు ఆ ముద్రతో ఎన్ని అడ్డంకులో మీకు తెలుసు. టెన్త్ సర్టిఫికెట్ విలువ అక్కడ కూడా కనిపిస్తుంది.

రెండో మెట్టు: వీసా

చాలామంది యూరప్ వీసా ఉంటే లండన్ కూడా వెళ్ళవచ్చనుకుంటారు. అది పొరపాటు. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ వంటి దేశాలకు షెంజెన్ వీసా ఉంటుంది. బ్రిటన్ అందులో లేదు. దానికి వేరే వీసా కావాలి.

చూసి రావడానికి వెళ్ళేవారికి ఆరు నెలల విజిటర్ వీసా ఇస్తారు. 2025 ఏప్రిల్‌లో దీని ఫీజు 127 పౌండ్లు అయింది. ఈ ఫీజును తరచూ పెంచుతారు, కాబట్టి దరఖాస్తు చేసే రోజు సరిచూసుకోవాలి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. మామూలుగా మూడు వారాల్లో జవాబు వస్తుంది. వేలిముద్రలు, ఫోటో ఇవ్వడానికి హైదరాబాదులో కేంద్రం ఉంది. వీసా రాకపోతే కట్టిన ఫీజు తిరిగి రాదు.

వీసా అధికారి ముఖ్యంగా చూసేవి మూడు. ఎందుకు వెళుతున్నావు? ఖర్చులకు డబ్బు ఎక్కడిది? తిరిగి వస్తావని నమ్మకం ఏమిటి? అసలు కష్టం రెండో ప్రశ్న దగ్గరే. వ్యవసాయ కూలీ ఇంట్లో బ్యాంకు ఖాతాలో లక్షలు ఎక్కడ ఉంటాయి? అందుకని కొందరు అప్పు తెచ్చి దరఖాస్తుకు ముందు రోజు ఖాతాలో వేస్తారు. ఒక్కసారిగా వచ్చిపడిన డబ్బును అధికారులు అనుమానంగా చూస్తారు. నిజం చెప్పడమే మేలు. ఖర్చు ఎవరైనా భరిస్తుంటే వారి ఉత్తరం, వారి ఆదాయం కాగితాలు పెట్టవచ్చు. ఉద్యోగం ఉంటే సెలవు మంజూరు పత్రం, చదువుతుంటే కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్ పెట్టాలి. తెలుగులో ఉన్న కాగితాలకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఇది మరవరాదు.

ఉద్యోగం లేకుండా, చదువు మధ్యలో ఈ వీసా దొరకడం మనలాంటి వాళ్ళకు తేలిక కాదు. ఉద్యోగం వచ్చి రెండు మూడేళ్ళు జీతం ఖాతాలో పడిన తర్వాత దారి సులువవుతుంది. అందుకే దీన్ని అయిదేళ్ళ ప్లానుగా పెట్టుకోమని మా సలహా.

ఖర్చు తగ్గించుకునే దారులు

2025లో పౌండు విలువ వంద రూపాయలకు పైనే ఉంది. ప్రతి ఖర్చునూ వందతో గుణించి చూస్తే గుండె దడదడలాడుతుంది. కానీ ఒక మంచి సంగతి ఉంది. లండన్‌లో గొప్ప మ్యూజియాలు చాలావాటికి ప్రవేశం ఉచితం. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, సైన్స్ మ్యూజియం, బ్రిటిష్ లైబ్రరీ ప్రదర్శనశాల ఇవన్నీ ఉచితమే.

విమానం: గన్నవరం నుంచి నేరుగా లండన్ విమానం లేదు. హైదరాబాదు నుంచి ఉంది. వేసవి సెలవుల్లోనూ, క్రిస్మస్ సమయంలోనూ టిక్కెట్లు బాగా పెరుగుతాయి. ఆ నెలలు తప్పించుకోవాలి.

బస: అక్కడ కూడా హాస్టళ్ళు ఉన్నాయి! ఒకే గదిలో అంచెల మంచాలు, ఉమ్మడి స్నానాల గదులు. మనకు అలవాటే. యూత్ హాస్టల్ వారిది ఒకటి బ్రిటిష్ లైబ్రరీకి ఎదురుగానే ఉంది. హోటలు గది కంటే మంచానికి కట్టే డబ్బు చాలా తక్కువ.

తిరగడం: 2025లో బస్సు టిక్కెట్టు 1.75 పౌండ్లు. బస్సు ఎక్కిన గంటలోపు మారే బస్సులకు మళ్ళీ డబ్బు తీసుకోరు. హీత్రూ విమానాశ్రయం నుంచి పికడిలీ లైను మెట్రో ఎక్కితే మారకుండా రస్సెల్ స్క్వేర్ దగ్గర దిగవచ్చు. అక్కడి నుంచి బ్రిటిష్ మ్యూజియానికి నడకే.

తిండి: సూపర్ మార్కెట్లలో నాలుగైదు పౌండ్లకు పూట గడుస్తుంది. సౌతాల్ గురుద్వారాలో కుల, మత భేదం లేకుండా అందరికీ లంగరులో ఉచిత భోజనం పెడతారు. మన వంట గుర్తొస్తే ఈస్ట్‌హామ్ వైపు దక్షిణ భారత హోటళ్ళు ఉన్నాయి.

వేసవిలో కూడా ఒక స్వెట్టరు, గొడుగు ఉండాలి. మన గుండ్రటి పిన్నుల చార్జరు అక్కడి ప్లగ్గులో పట్టదు. అడాప్టరు ఇక్కడే కొనుక్కోవాలి.

నాలుగు రోజుల ప్లాను

మొదటి రోజు: బ్రిటిష్ మ్యూజియం. పొద్దున 10 నుంచి సాయంత్రం 5 వరకు, శుక్రవారం రాత్రి 8.30 వరకు ఉంటుంది. ఉచిత టిక్కెట్టును ముందే బుక్ చేసుకుంటే వరుసలో నిలబడే పని తగ్గుతుంది. 33ఏ గది ఒక్కోసారి మూసి ఉంటుంది, కాబట్టి వెళ్ళే ముందు తెలుసుకోవాలి. నడిమి ప్రాంగణంలోని గుండ్రటి కట్టడాన్ని కూడా చూడండి. బాబాసాహెబ్, ఆయనకు ముందు కార్ల్ మార్క్స్ చదువుకున్న గ్రంథాలయం అదే.

రెండో రోజు: లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, గ్రేస్ ఇన్. రెండూ హోబర్న్ స్టేషనుకు దగ్గర. స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అంబేద్కర్ శిల్పం ఉంది. సాయంత్రం పార్లమెంటు భవనం, రౌండ్ టేబుల్ సమావేశాలు జరిగిన సెయింట్ జేమ్స్ ప్యాలెస్ బయటి నుంచి చూడవచ్చు.

మూడో రోజు: కింగ్ హెన్రీస్ రోడ్‌లోని అంబేద్కర్ ఇల్లు. చాక్ ఫార్మ్ స్టేషన్‌లో దిగి నడవాలి. పక్కనే ప్రిమ్‌రోజ్ హిల్ గుట్ట ఎక్కితే నగరమంతా కనిపిస్తుంది. మధ్యాహ్నం బ్రిటిష్ లైబ్రరీ.

నాలుగో రోజు: మీ ఇష్టం. కోహినూరు చూడాలంటే టవర్ ఆఫ్ లండన్ వెళ్ళాలి. 2025లో టిక్కెట్టు సుమారు 35 పౌండ్లు. ఆ వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. తెలుగు మీద ప్రేమ ఉన్నవారు కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సి.పి. బ్రౌన్ సమాధికి వెళ్ళవచ్చు. మచిలీపట్నంలో కూడా పనిచేసిన ఆయన 1884లో లండన్‌లో కన్నుమూశారు. సర్ ఆర్థర్ కాటన్ సమాధి డార్కింగ్ పట్టణంలో ఉంది. లండన్ నుంచి రైలులో గంటలోపే. ఆయన ఆలోచనతో 1855 నాటికి బెజవాడలో ఆనకట్ట లేచింది. 1952లో అది తెగిపోతే దాని చోటనే ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది.

లండన్ కంటే ముందు

మూడు మెట్లుగా వెళ్ళమని మా సలహా. మొదటి మెట్టు ఈ ఆదివారమే ఎక్కవచ్చు. నెహ్రూ బస్‌స్టాండులో అమరావతి బస్సు ఎక్కండి. స్తూపం ఉన్న చోటు, మ్యూజియం చూడండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో అల్లూరు బుద్ధుణ్ణి చూడండి. స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం చూడండి. రెండో మెట్టు చెన్నై. పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చేరతాం. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చాలా ఉన్నాయి. దానికీ శుక్రవారమే సెలవు. ఈ రెండూ చూసి నోటుబుక్కులో రాసుకున్నవాడికే లండన్‌లో ఆ గది అర్థమవుతుంది. ఎప్పటికీ లండన్ వెళ్ళలేకపోయినా, ఈ రెండు మెట్లు ఎక్కితే సగం యాత్ర అయినట్టే.

చదువు ద్వారా వెళ్ళే దారి

చూసి రావడం కంటే చదువుకోవడానికి వెళ్ళడమే మనకు దగ్గర దారి. కేంద్ర ప్రభుత్వం వారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఏడాదికి 125 మందికి ఇస్తారు. వాటిలో 115 ఎస్సీలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఉండాలి, 60 శాతం మార్కులు ఉండాలి, వయసు 35 దాటకూడదు. ముప్పై శాతం అమ్మాయిలకు. చెల్లెళ్ళు ఇది గమనించగలరు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్పుకు సుమారు రెండేళ్ళ ఉద్యోగ అనుభవం కావాలి. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకాల పేర్లు, నిబంధనలు మారుతూ ఉంటాయి. సాంఘిక సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో అడగండి.

ఒక బాధ మాత్రం చెప్పకుండా ఉండలేం. 2022లో వచ్చిన నిబంధనల్లో, భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చదువులకు ఈ నేషనల్ స్కాలర్‌షిప్పు వర్తించదని రాశారు. అంటే కృష్ణ ఒడ్డున పుట్టిన కూలీ బిడ్డ లండన్ వెళ్ళి అమరావతి శాసనాల మీద, ఆ విధికుడి మీద పరిశోధన చేస్తానంటే ఆ డబ్బు రాదు. ఇంజనీరింగు చదువుతానంటే వస్తుంది. మన చరిత్ర మనం చదవకపోతే ఎవరు చదువుతారు? ఈ నిబంధన మారాలని విద్యార్థి సంఘాలు అడగాలి, మనమూ అడగాలి.

చివరిగా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా మాట ఒక్కటే. ఈ నెలలోనే ఆధార్‌లో పేరు సరిచూసుకోండి. ఉపకార వేతనం డబ్బులో నెలకు వంద చొప్పున దాచినా ఏడాదిన్నరలోపు పాస్‌పోర్టు ఫీజు పోగవుతుంది. పాస్‌పోర్టు వచ్చినవాళ్ళు మరో ఇద్దరికి దరఖాస్తు నింపి పెట్టండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఏడాదికి ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చి ఈ కాగితాల పని నేర్పితే, మాకు అడగడానికి మనిషి దొరికినట్టే. మనలో ముందుగా 33ఏ గదికి చేరినవారు అక్కడ చూసినవన్నీ వివరంగా రాసి, ఆ ఏటి వార్షికోత్సవ సంచికకు పంపాలి.

జై భీమ్.